బేగంపేట బడి చెప్పే బ్రౌజర్ పాఠం

సికింద్రాబాద్ ఈస్ట్‌లో పొద్దున్నే మెట్రో ఎక్కి చూడండి. బోగీ నిండా మీ వయసు వాళ్లే. వీపున బ్యాగు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, ఫోన్‌లో రియాక్ట్ క్లాసు వీడియో. కొందరు అమీర్‌పేటలో కోచింగ్‌కి దిగిపోతారు. ఇంకొందరు ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడి రాయదుర్గం దాకా ఇంటర్వ్యూకి వెళ్తారు. ఆ రెండు బ్యాచుల్లోనూ కొన్నేళ్లు నేనూ తిరిగాను కాబట్టి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు.

ఆ రైలు వెళ్లే దారిలోనే బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ ఉంది. అక్కడ చదువుకున్న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు, శంతను నారాయణ్ అడోబీ సీఈఓ అయ్యారు. మోటివేషన్ స్పీచుల్లో ఈ ముక్క మీరు వందసార్లు విని ఉంటారు. స్పీచుల్లో చెప్పని ముక్క ఇంకొకటుంది. ఒకప్పుడు వెబ్‌ని ఏలిన రెండు టెక్నాలజీలకు చివరి రోజు రాసింది వీళ్లిద్దరి కంపెనీలే. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కి సెలవిచ్చింది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని రిటైర్ చేసింది. మధ్యలో 2021 అక్టోబరులో సిల్వర్‌లైట్ కూడా వెళ్లిపోయింది.

కంపెనీలకు ఇవి మామూలు నిర్ణయాలు. వాటిని నమ్ముకుని కోర్సులు చేసినవాళ్లకు మాత్రం కాదు. మా పెదనాన్నగారి అబ్బాయి డిగ్రీ అయ్యాక ఏడాది పాటు ఫ్లాష్ యానిమేషన్, యాక్షన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాడు. ఫీజు కోసం పెద్దమ్మ గాజులు తాకట్టు పెట్టింది. అన్నయ్య చేతికి సర్టిఫికెట్ వచ్చిన కొద్ది నెలలకే, 2010 ఏప్రిల్‌లో, స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌లోకి ఫ్లాష్‌ని రానిచ్చేది లేదని బహిరంగ లేఖ రాసి తేల్చేశాడు. అన్నయ్య రెజ్యూమేలో సగం అక్కడే పాతబడింది. అతన్ని కాపాడింది ఆ కోర్సులో మొదటి నెల ఊరికే చెప్పి వదిలేసిన హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ బేసిక్స్.

నేను చెప్పదలుచుకున్నది కూడా అదే. బ్రౌజర్ల పోటీ అంటే సిలికాన్ వ్యాలీ కంపెనీల గొడవ, మనకెందుకులే అనుకోకండి. మీ మొదటి ఉద్యోగం ఎంతకాలం నిలబడుతుందో ఆ పోటీలోనే తేలుతుంది.

ఒక్క బ్రౌజర్ రాజ్యం ఎలా ఉండేదంటే

2001 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. అప్పటికే నెట్‌స్కేప్ చతికిలపడింది. ప్రపంచంలో 90 శాతానికి పైగా జనం వాడేది మైక్రోసాఫ్ట్ బ్రౌజరే. పోటీ లేనివాడికి తొందరేముంటుంది? ఏడో వెర్షన్ వచ్చింది 2006 అక్టోబరులో. అంటే ఐదేళ్లు వెబ్ ఉన్నచోటే ఉండిపోయింది. సైట్లు కట్టేవాళ్లు కూడా ఆ ఒక్క బ్రౌజర్‌లో పనిచేస్తే చాలనుకున్నారు.

దక్షిణ కొరియాలో ఈ ధోరణి ఎంత ముదిరిందంటే, ఆన్‌లైన్ బ్యాంకింగ్ చేయాలంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే నడిచే యాక్టివ్‌ఎక్స్ తప్పనిసరైంది. ఆ ముడి విప్పుకోవడానికి వాళ్లకి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది.

అంతదూరం ఎందుకు, మన తెలుగు సంగతే చూడండి. ఆ రోజుల్లో చాలా తెలుగు పత్రికల సైట్లు దేనికది సొంత ఫాంటు పెట్టుకునేవి. ఆ ఫాంటుని డైనమిక్‌గా దించుకుని అక్షరాలు సరిగ్గా చూపించేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే వార్త బదులు పిచ్చిగీతలు కనిపించేవి. లినక్స్ వాడే తెలుగువాడు తన భాషలో పేపరు చదువుకోలేని పరిస్థితి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా సైట్లు మాత్రం దానివైపు చూడలేదు.

అప్పుడు వెన్న నాగార్జున అనే తెలుగు ఇంజినీరు ఫైర్‌ఫాక్స్ కోసం ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ రాశారు. సైటు ఏ ఫాంటులో ఉన్నా అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఆ కోడ్ ఆసరాతోనే వీవెన్ ‘లేఖిని’ తయారు చేశారు. ఇంగ్లిష్ కీబోర్డు మీద కొడితే తెలుగు వచ్చే ఆ పేజీలోనే తెలుగు బ్లాగర్లు ఎంతోమంది తొలి అక్షరాలు దిద్దారు. ఇద్దరూ ఎవరి అనుమతీ అడగలేదు. బ్రౌజర్ తెరిచిన పుస్తకంలా ఉంది కాబట్టి లోపలికి వెళ్లి బాగుచేశారు. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 రాకపోయి ఉంటే పద్మకి నిలబడే చోటే ఉండేది కాదు. పోటీ మనకిచ్చిన మేలు అది.

మళ్లీ అదే దారిలో

ఇప్పుడు ఆ సింహాసనం మీద క్రోమ్ కూర్చుంది. 2008 సెప్టెంబరులో వచ్చింది, వేగంతో గెలిచింది. గెలవాల్సిందే, బాగుంది కాబట్టి. ఈరోజు ప్రపంచంలో దాదాపు మూడింట రెండొంతుల మంది వాడేది క్రోమే. మన దేశంలో ఆ వాటా ఇంకా ఎక్కువ.

పేర్లు చూస్తే బ్రౌజర్లు చాలానే ఉన్నాయి కదా అంటారు. బండి పేరు చూడొద్దు, బానెట్ ఎత్తి ఇంజిన్ చూడండి. ఒపెరా 2013లోనే సొంత ఇంజిన్ వదిలేసి గూగుల్ వైపు వెళ్లింది. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీ కూడా 2018 డిసెంబరులో చేతులెత్తేసింది. సొంత ఇంజిన్ పక్కనపెట్టి క్రోమియం మీద కట్టిన ఎడ్జ్‌ని 2020 జనవరిలో విడుదల చేసింది. బ్రేవ్, వివాల్డీ, శామ్‌సంగ్ ఇంటర్నెట్ అన్నిటి లోపలా క్రోమియమే. కేంద్ర ప్రభుత్వం స్వదేశీ బ్రౌజర్ కోసం పోటీ పెడితే 2025 మార్చిలో జోహో గెలిచి కోటి రూపాయల బహుమతి తీసుకుంది. వాళ్ల ‘ఉలా’ బ్రౌజర్ కూడా క్రోమియం మీద కట్టిందే. ఏఐ బ్రౌజర్లంటూ 2025లో వచ్చిన పర్‌ప్లెక్సిటీ కామెట్, ఓపెన్‌ఏఐ అట్లాస్‌దీ అదే పునాది.

పెద్ద ఎత్తున నడుస్తున్న ఇంజిన్లు ఇక మూడే. గూగుల్ బ్లింక్, యాపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. మూడోదాని ఆదాయంలో పెద్ద భాగం మళ్లీ గూగుల్‌తో ఉన్న సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుంది. పోటీదారుడి జీతం మీద బతికే పోటీ ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే ఆలోచించండి.

కోర్టులూ ఇది గమనించాయి. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ కేసులో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్లేస్టోర్ బలాన్ని అడ్డం పెట్టుకుని క్రోమ్ స్థానాన్ని కాపాడుకుందన్నది అందులో ఒక అభియోగం. మరుసటి ఏడాది మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాని సమర్థించింది, కొన్ని ఆదేశాలను మాత్రం కొట్టేసింది. అమెరికాలో జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టులో సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని తేల్చారు. క్రోమ్‌ని అమ్మించాలని అక్కడి ప్రభుత్వం కోరితే 2025 సెప్టెంబరులో ఆయన ఒప్పుకోలేదు. ప్రత్యేక ఒప్పందాలకు మాత్రం అడ్డుకట్ట వేశారు.

అంటే క్రోమ్ ఎక్కడికీ పోదు. మరి దాన్నే నేర్చుకుంటే పోలా?

ఐఫోన్ నేర్పిన పాఠం

బీటెక్ అయ్యాక ఉద్యోగం రాని రోజుల్లో ఒక ట్యూషన్ సెంటర్‌కి బుకింగ్ పేజీ చేసిచ్చాను. తల్లిదండ్రులు డెమో క్లాసుకి టైమ్ ఎంచుకోవాలి, అంతే. నా ల్యాప్‌టాప్‌లో క్రోమ్, నా ఫోన్‌లో క్రోమ్. రెండింట్లో బ్రహ్మాండంగా పనిచేసింది. నాలుగు రోజుల తర్వాత ఓనర్ ఫోన్ చేశారు. “బాబూ, ఐఫోన్ ఉన్నోళ్లు ఎవరూ బుక్ చేయలేకపోతున్నారంట, ఏందో చూడు.”

చూస్తే టైమ్ ఉండాల్సిన ప్రతిచోటా ‘ఇన్‌వాలిడ్ డేట్’ అని ఉంది. తేదీకి, సమయానికి మధ్య నేను ఖాళీ వదిలాను. ప్రమాణం ప్రకారం అక్కడ ‘టీ’ అనే ఇంగ్లిష్ అక్షరం ఉండాలి. ఖాళీ ఉన్నా క్రోమ్ పోనీలే అని సర్దుకుపోయింది, అప్పటి సఫారీ ఒప్పుకోలేదు. తప్పు సఫారీది కాదు, నాదే. జావాస్క్రిప్ట్ ప్రమాణంలో ఏముందో చూడకుండా క్రోమ్‌లో నడిచిందే జావాస్క్రిప్ట్ అనుకున్నాను. ఒక్క అక్షరంతో సరిపోయే రిపేరు. కానీ ఆ నాలుగు రోజుల్లో ఆయనకు పోయిన అడ్మిషన్లు నేను తిరిగి ఇవ్వలేను కదా. మిగతా డబ్బులు అడగడానికి మొహం చెల్లలేదు.

ఇంకో సంగతి తెలుసుకోండి. మన దేశంలో ఐఫోన్‌లో క్రోమ్ ఐకాన్ నొక్కినా లోపల నడిచేది యాపిల్ వెబ్‌కిట్టే. మీ మొదటి క్లయింట్ చేతిలో, ఇంటర్వ్యూ చేసే మేనేజర్ చేతిలో ఐఫోన్ ఉండే అవకాశం ఎక్కువే. మీ ప్రాజెక్టు లింకు ఆయన ఎందులో తెరుస్తాడో మీ చేతిలో లేదు.

“కంపెనీలు రియాక్టే అడుగుతున్నాయి కదన్నా”

నా పోస్టులు చదివే జూనియర్లు అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. జాబ్ నోటిఫికేషన్‌లో రియాక్ట్ అని ఉంటే రియాక్ట్ రావాలి. ఇంట్లో ఈఎంఐ నడుస్తుంటే “ముందు ఫండమెంటల్స్” అని నీతులు చెప్పడం నాకూ ఇష్టం ఉండదు. రియాక్ట్ నేర్చుకోండి, తప్పేం లేదు.

కానీ వరుస చూడండి. 2006లో జేక్వెరీ వచ్చింది, అది రాకపోతే ఉద్యోగం లేదన్నారు. అందులో చాలా సౌకర్యాలు తర్వాత నేరుగా బ్రౌజర్‌లోకే వచ్చేశాయి. 2010లో యాంగ్యులర్‌జేఎస్ వచ్చింది, 2021 డిసెంబరుతో దానికి సపోర్టు ఆగిపోయింది. 2013లో వచ్చిన రియాక్ట్ ఇంకా బలంగా ఉంది, కానీ దేనికైనా ఒక రోజు వస్తుంది. వీటన్నిటి కింద డామ్, హెచ్‌టీటీపీ, ఈవెంట్ లూప్, సీఎస్‌ఎస్ లేఅవుట్ అలాగే ఉన్నాయి. పైన మేడలు కూల్చి కట్టినా ఎవరూ పునాది మార్చలేదు.

పునాదే పెరుగుతోంది కూడా. ఒకప్పుడు జావాస్క్రిప్ట్‌తో కుస్తీ పట్టి చేసిన పనులు ఇప్పుడు ఒక లైను సీఎస్‌ఎస్‌తో అయిపోతున్నాయి. లోపల ఏముందో చూసి బయటి డబ్బాకి స్టైల్ ఇచ్చే ‘హ్యాజ్’ సెలెక్టర్ 2022లో సఫారీలో, క్రోమ్‌లో వచ్చింది, 2023 డిసెంబరుకి ఫైర్‌ఫాక్స్‌కీ చేరింది. కంటెయినర్ క్వెరీలు 2023 ఫిబ్రవరికల్లా మూడు ఇంజిన్లలోనూ వచ్చేశాయి. ‘ఇంటరాప్’ పేరుతో బ్రౌజర్ కంపెనీలన్నీ కూర్చుని ఏ ఫీచర్లు అందరి దగ్గరా ఒకేలా పనిచేయాలో ఏటా ఒప్పందం చేసుకుంటున్నాయి. వెబ్ డెవలపర్‌కి ఇంతకంటే మంచి కాలం లేదు.

వెబ్‌అసెంబ్లీ సంగతీ అంతే. 2019 డిసెంబరులో అది అధికారిక వెబ్ ప్రమాణమైంది. సీ ప్లస్ ప్లస్, రస్ట్‌లో రాసిన భారీ ప్రోగ్రాములు బ్రౌజర్‌లోనే దాదాపు అసలు వేగంతో నడుస్తాయి. ఫ్లాష్‌ని సాగనంపిన అడోబీయే 2023లో ఫొటోషాప్‌ని బ్రౌజర్‌లోకి తెచ్చింది. అది నడిచేది వెబ్‌అసెంబ్లీ బలంతోనే. సొంత ప్లగిన్‌తో వెబ్‌ని ఏలిన కంపెనీ చివరికి అందరి ప్రమాణాల దగ్గరికే వచ్చింది. మనం మొదటే అక్కడికి వెళ్తే ఒక రౌండు తిరుగుడు తప్పుతుంది.

ఏఐ కోడ్ రాసేస్తుంటే ఇవన్నీ ఎందుకంటారా? ఏఐ రాసిన కోడ్ క్రోమ్‌లో నడిచి సఫారీలో పడిపోతే ఎందుకు పడిందో చెప్పేవాడికే జీతం. పైగా పేజీని మనిషి బదులు చదివే ఏఐ ఏజెంట్లు వస్తున్నాయి. అంధులకు స్క్రీన్ రీడర్లు ఏ గుర్తుల సాయంతో పేజీని చదివి వినిపిస్తాయో, అట్లాస్ ఏజెంట్ కూడా ఆ గుర్తులనే వాడుకుంటుందని ఓపెన్‌ఏఐ చెప్పింది. బటన్‌ని బటన్ ట్యాగ్‌తోనే రాయండి అని పాత మాస్టార్లు మొత్తుకున్నది ఇందుకూ పనికొస్తోంది.

‘స్త్రీ’ ఎన్ని అక్షరాలు?

మనకు మాత్రమే దొరికే అవకాశం ఒకటుంది. జావాస్క్రిప్ట్‌ని ‘స్త్రీ’ అనే మాట పొడవెంత అని అడగండి. ఆరు అంటుంది. ఒకటో క్లాసు పిల్లాడిని అడిగితే ఒకటే అక్షరం అంటాడు. ఇద్దరిదీ నిజమే. కంప్యూటరు హల్లులు, పొల్లులు, గుడిదీర్ఘం విడివిడిగా లెక్కపెడుతుంది. పేరుకి 15 అక్షరాలే అని ఫారంలో పరిమితి పెడితే తెలుగు పేరు ఎక్కడ తెగుతుందో ఊహించుకోండి. దీనికోసమే ‘ఇంటల్ సెగ్మెంటర్’ అనే సదుపాయం ఉంది. క్రోమ్‌లో 2020లో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో 2024 ఏప్రిల్‌కి గానీ రాలేదు. తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తక్షరాన్ని విడగొట్టకుండా ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1 వెర్షన్‌లో వచ్చింది.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’ అక్షరాన్ని ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్ పంపితే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా మన అక్షరం ఫొటో పెట్టి నవ్వుకుంది. యాపిల్ హడావుడిగా అప్‌డేట్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ అక్షరాన్ని రోజూ రాసేవాళ్లు టెస్టింగ్‌లో ఉండి ఉంటే ముందే పట్టుకునేవారేమో. మన నగరంలో వేలమంది టెస్టర్లున్నారు, తెలుగులో టెస్ట్ చేసేది ఎంతమంది?

ఈ వారమే మొదలుపెట్టండి

దీనికి ఫీజు లేదు. పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చాలు.

ఇప్పటికే చేసిన ప్రాజెక్టు ఒకటి తీసుకోండి. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో తెరవండి. మ్యాక్ లేదని ఆగొద్దు. ప్లేరైట్ అనే ఉచిత టూల్ విండోస్, లినక్స్ మీద కూడా వెబ్‌కిట్‌ని నడుపుతుంది. ఒకసారి ఫ్రెండ్ ఐఫోన్‌లోనూ చూడండి. తేడా ఎక్కడొచ్చిందో, ఎందుకొచ్చిందో, ఎలా సరిచేశారో అరపేజీ రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. తర్వాత ఫారంలో తెలుగు పేరు టైప్ చేయండి. ఒత్తులు కింది లైన్‌లో కలిసిపోతున్నాయా, పేరు మధ్యలో తెగుతోందా చూడండి.

బ్రౌజర్‌లోనే తప్పు దొరికిందా? ఇంకా మంచిది. మొజిల్లా బగ్‌జిల్లాలో, క్రోమియం ట్రాకర్‌లో ఎవరైనా ఫిర్యాదు రాయొచ్చు. బ్రౌజర్లన్నీ వాడే ‘వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్’ గిట్‌హబ్‌లో బహిరంగంగానే ఉంది. అందులో తెలుగు కోసం మీరు రాసిన ఒక్క టెస్టు చేరినా మూడు ఇంజిన్ల ఇంజినీర్లు దానికి జవాబు చెప్పుకోవాల్సిందే. నెల రోజుల్లో ఎవరైనా తెచ్చుకునే సర్టిఫికెట్ కంటే రెజ్యూమేలో ఆ ఒక్క లింకు బరువు ఎక్కువ.

“బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే ఏమవుతుంది?” ఫ్రంట్ ఎండ్ ఇంటర్వ్యూల్లో పాతకాలం నుంచీ అడిగే ప్రశ్న ఇది. క్రోమ్ మాత్రమే తెలిసినవాడు పేజీ వస్తుందంటాడు. వెబ్ తెలిసినవాడు డీఎన్‌ఎస్‌తో మొదలుపెట్టి పావుగంట మాట్లాడతాడు. నేను మొదటి రకంగా వెళ్లి రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకుని, రెండో రకంగా వెళ్లి ఉద్యోగం తెచ్చుకున్నాను.

మా అన్నయ్య ఇప్పుడు గచ్చిబౌలిలో ఫ్రంట్ ఎండ్ టీమ్ నడుపుతున్నాడు. ఆ ఫ్లాష్ సర్టిఫికెట్ ఇంకా ఫైల్లోనే ఉంది. పడేయమంటే, “ఉండనీరా, టీమ్‌లోకి వచ్చే కొత్త పిల్లలకు చూపిస్తుంటా” అంటాడు. పెద్దమ్మ గాజులు మాత్రం మూడేళ్లకు గానీ ఇంటికి రాలేదు.